న్యూట్రల్ నుంచి నైట్రోజన్ దాకా: మైలేజీ చిట్కాల్లో నిజంగా పెట్రోలు మిగిల్చేవి ఏవి?

క్లుప్తంగా: ఊళ్లో తిరిగే కారుకు అన్నిటికంటే ఎక్కువ మిగిలేది బ్రేకు అవసరం తగ్గించుకోవడంలో. హైవే మీద మిగిలేది వేగం తగ్గించడంలో. ముప్ఫై సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపడం కూడా లాభమే. దిగుడులో న్యూట్రల్ చెయ్యడం కార్బ్యురేటర్ (ఇంజిన్ పీల్చే గాలిలో పెట్రోలు కలిపే పాత భాగం) కాలపు అలవాటు. ఇప్పటి ఇంజిన్లకు అది చాలాచోట్ల నష్టం, ఘాట్ రోడ్డు మీద ప్రమాదం. టైర్లలో గాలి ప్రభావం ప్రచారంలో ఉన్నదానికంటే చిన్నది. నైట్రోజన్, తెల్లవారుజాము పెట్రోలు, పైపుకు తగిలించే అయస్కాంతాలు కొలతకు అందేంత ఏమీ మిగల్చవు.

20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు దేశమంతటా బంకుల్లోకి వచ్చాక మైలేజీ చర్చ మళ్లీ రాజుకుంది. బండి ఇదివరకటిలా ఇవ్వడం లేదన్న ఫిర్యాదు ఒకవైపు, దానికి విరుగుడుగా వాట్సాప్‌లో తిరిగే చిట్కాలు మరోవైపు. దిగుడు వస్తే న్యూట్రల్ చెయ్యండి, ఏసీ కట్టేసి అద్దాలు దించండి, ఎండ ఎక్కకముందే పెట్రోలు కొట్టించండి అంటూ సాగుతాయి అవి. వీటిలో కొన్ని పాతికేళ్ల కిందటి బండికి నిజం, ఇప్పటి బండికి కాదు. కొన్ని నిజమే అయినా మిగిలేది చెంచాడు. ఏది ఎంత అన్నది తేలాలంటే ముందు లీటరు పెట్రోలు ఎక్కడెక్కడ కరిగిపోతోందో చూడాలి.

లీటరులో చక్రాలకు చేరేది ఎంత

లీటరు ఇ20 పెట్రోలులో సుమారు 30 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. మామూలు పెట్రోలు కారులో అందులో నాలుగో వంతు అటూ ఇటూగా చక్రాలకు చేరుతుంది, అంటే ఏడున్నర మెగాజౌళ్లు. మిగతాది రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా పోతుంది. ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ తమ వాటాను ఇంజిన్ దగ్గరే పట్టుకుపోతాయి.

చక్రాలకు చేరిన ఆ నాలుగో వంతును మూడు పంచుకుంటాయి: ఎదురుగాలి, టైర్లు దొర్లడంలో పోయే శక్తి, బ్రేకులు. మొదటి రెండూ బండి కదిలినంతసేపూ తప్పవు. మూడోది మాత్రం పూర్తిగా నడిపేవారి చేతిలో ఉంటుంది. ఏ చిట్కా అయినా ఈ మూడింట్లో ఒకదాన్ని తగ్గించాలి, లేదంటే ఇంజిన్ అదే పనిని తక్కువ వృథాతో చేసేలా చూడాలి. ఈ రెండూ చెయ్యని చిట్కా ఎంత ప్రచారంలో ఉన్నా పనిచెయ్యదు.

బ్రేకు నొక్కిన ప్రతిసారీ పోయేది

ఇద్దరు కూర్చున్న చిన్న కారు బరువు 1,100 కిలోలు అనుకుందాం. దాన్ని సున్నా నుంచి 40 కిలోమీటర్ల వేగానికి తేవడానికి 68 కిలోజౌళ్లు కావాలి. చక్రాలకు చేరే వాటా లెక్కన అది సుమారు 9 మిల్లీలీటర్ల పెట్రోలు. 60కి తేవాలంటే 20 మిల్లీలీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఖర్చు రెండింతలు దాటింది, ఎందుకంటే ఈ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సిగ్నల్ దాకా అదే ఊపుతో వెళ్లి బ్రేకు గట్టిగా నొక్కితే ఆ పెట్రోలంతా బ్రేకు డిస్కుల మీద వేడిగా మారిపోతుంది. మెహదీపట్నం నుంచి అమీర్‌పేట వైపు ఆఫీసు వేళల్లో వెళ్లే కారు పది కిలోమీటర్లలో పాతిక సార్లు ఇలా ఆగిందంటే పావు లీటరుకు కాస్త తక్కువ ఇక్కడే పోయినట్టు. ఊళ్లో లీటరుకు 13 ఇచ్చే కారు ఆ దూరానికి తాగేది ముప్పావు లీటరు పైచిలుకే.

అందుకే ఊళ్లో మైలేజీ తేల్చేది యాక్సిలరేటర్ ఎంత మెల్లగా తొక్కారన్నది కాదు, ఎంత ముందుగా వదిలారన్నది. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తే నూటయాభై మీటర్ల అవతలే కాలు తీసేసి, గేరులోనే బండిని నెమ్మదించనివ్వాలి. అక్కడికి చేరేలోగా ఆకుపచ్చ వెలిగితే 20 వేగం నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. 20 నుంచి 40కి చేరడానికి అయ్యే ఖర్చు సున్నా నుంచి చేరడానికి అయ్యేదాంట్లో ముప్పావు వంతే. ముందున్న బండికి రెండు మూడు సెకన్ల దూరం వదలడం కూడా ఇందుకే. దూరం ఉంటే ముందువాడు చీటికీమాటికీ వేసే బ్రేకులను వెనకవాడు వెయ్యనక్కర్లేదు. ఆ ఖాళీలోకి ఆటో దూరుతుందన్న మాట నిజమే. ఆటో దూరినా లెక్క మాత్రం పెద్దగా మారదు.

దూకుడుగా తోలడం వల్ల ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా, హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం దాకా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఈ వ్యాసంలో వచ్చే అంకెల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు.

మన ఆర్టీసీ డిపోలకు ఇది కొత్త సంగతి కాదు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్న కేఎంపీఎల్ లెక్కను అక్కడ డ్రైవర్ల వారీగా చూస్తారు. బాగా తెచ్చినవారికి మెప్పు, తక్కువ తెచ్చినవారికి మళ్లీ శిక్షణ. ఒకే రూటు, ఒకే రకం బస్సు, మారేది డ్రైవరు. అలవాట్ల ప్రభావం తేల్చడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. శిక్షణలతో ఉన్న చిక్కు వేరే: మొదటి వారాల్లో కనిపించిన లాభం, పర్యవేక్షణ లేకపోతే నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. లెక్క రోజూ ఎదురుగా ఉండటమే డిపోలో పనిచేసే మందు.

మెల్లగా ఎత్తుకోవడం మంచిదేనా

“కాలి కింద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కాలి” అన్న సలహా సగమే సరైనది. పెట్రోలు ఇంజిన్ గాలిని థ్రాటిల్ అనే తలుపు గుండా పీలుస్తుంది. పెడల్ కొద్దిగా తొక్కితే ఆ తలుపు ఓరగా తెరుచుకుంటుంది, ఇంజిన్ సన్నని సందులోంచి గాలిని లాక్కోవాల్సి వస్తుంది. ఆ లాగడానికే కొంత పెట్రోలు పోతుంది. తలుపు బాగా తెరిచి, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) తక్కువ ఉంచితే ఈ వృథా తగ్గుతుంది. మరీ నెమ్మదిగా, మొదటి రెండు గేర్లలోనే చాలాసేపు ఈడ్చుకుంటూ వెళ్తే జరిగేది దీనికి తలకిందులు.

పనికొచ్చే పద్ధతి ఇది. పెడల్‌ను సగం దాకా తొక్కి చురుగ్గా ఎత్తుకోవాలి, పెట్రోలు కారులో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం దగ్గర, డీజిలు కారులో 1,500 నుంచి 2,000 దగ్గర పై గేరు వెయ్యాలి. అనుకున్న వేగం వచ్చాక కాలు తేలిక చెయ్యాలి. దీనికీ ఒక హద్దుంది. ఎత్తు మీద టాప్ గేరులో 1,200 ఆర్‌పీఎంతో బలవంతంగా లాగిస్తే బండి అదురుతుంది, బానెట్ కింద టకటక మని నాకింగ్ వినిపిస్తుంది. దాన్ని ఆపడానికి ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, దాంతో మిగిలిందనుకున్నది పోతుంది. చిన్న టర్బో ఇంజిన్లకైతే ఇది ఆరోగ్యానికీ మంచిది కాదు. అదురు మొదలైతే ఒక గేరు దించడమే.

హాఫ్ క్లచ్‌తో నడపడం, క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి ఉంచడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇంజిన్ తిప్పిన శక్తి క్లచ్ ప్లేటు దగ్గర వేడైపోతుంది, ప్లేటూ ముందే అరుగుతుంది.

న్యూట్రల్‌లో దిగడం: ఒకప్పటి నిజం

ఈ అలవాటు గాల్లోంచి ఊడిపడలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800 లాంటి కార్బ్యురేటర్ బండ్లలో యాక్సిలరేటర్ వదిలినా, గేరులో చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతున్నంతసేపూ అది కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు పీలుస్తూనే ఉండేది. ఆర్‌పీఎం ఎక్కువ ఉంటే పీల్చేదీ ఎక్కువ. న్యూట్రల్ చేస్తే ఐడిలింగ్‌కు, అంటే బండిని లాగకుండా ఊరికే తిరిగే స్థితికి, పడిపోయి తక్కువ తాగేది. అప్పటి లారీ క్లీనరు దగ్గర్నుంచి టాక్సీ డ్రైవరు దాకా ఇదే పాఠం నేర్చారు.

కార్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కంప్యూటర్ చెప్పినంతే పెట్రోలు చిమ్మే పద్ధతి, స్థిరపడి పాతికేళ్లవుతోంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక బైకులూ స్కూటర్లూ చాలావరకు దానికే మారాయి. ఇంజెక్షన్ కారులో బండి గేరులో ఉండి, కాలు యాక్సిలరేటర్ మీంచి పూర్తిగా తీసేసి, ఆర్‌పీఎం 1,200-1,500కు పైన ఉంటే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పెట్రోలు చుక్క కూడా పడదు. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ తనంతట తాను తిరగాలి కాబట్టి ఐడిలింగ్‌కు గంటకు 0.7 లీటరు చొప్పున తాగుతుంది.

దీన్ని నమ్మనక్కర్లేదు, చూడొచ్చు. అప్పటికప్పుడు మైలేజీ చూపించే డిస్‌ప్లే ఉన్న కారులో ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర, గేరులో ఉంచి కాలు తీసేస్తే అంకె ఎగబాకి అది చూపగల గరిష్ఠం దగ్గర ఆగుతుంది, చాలా కార్లలో 99.9. అదే పక్క సీట్లోవారు చూస్తుండగా సమతలం మీద ఒక్కసారి న్యూట్రల్ చేస్తే 80-90 మధ్యకు దిగుతుంది. 60ని 0.7తో భాగిస్తే వచ్చేది కూడా అదే.

ఘాట్ మీద ఈ తేడా ఇంకా స్పష్టం. తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు, ఎత్తు తేడా 700 మీటర్లకు అటూ ఇటూ. నలుగురితో 1,300 కిలోలున్న కారు దిగడానికి 40 నిమిషాలు పట్టిందనుకుంటే, దారి పొడవునా న్యూట్రల్‌లో ఉంటే అర లీటరుకు దగ్గరగా పెట్రోలు ఐడిలింగ్‌కే పోతుంది. రెండో గేరులో 30 వేగంతో ఆర్‌పీఎం రెండు వేల చిల్లర దగ్గర దిగితే చాలాసేపు ఖర్చు సున్నా. అంటే పొదుపు కోసం న్యూట్రల్ చేసినవాడే ఎక్కువ కాల్చాడు.

పెట్రోలు సంగతి పక్కనపెట్టినా బ్రేకుల సంగతి ఉంది. అంత బరువు అంత ఎత్తు దిగితే దాదాపు 9 మెగాజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట కరగాలి. గాలీ టైర్లూ మూడున్నర దాకా తీసుకుంటాయి. న్యూట్రల్‌లో దిగితే మిగతా అయిదు మెగాజౌళ్లకు పైగా బ్రేకుల మీదే పడుతుంది. పదిహేను లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది. ప్యాడ్లు కాలి పట్టు వదులుతాయి. అంతకంటే ప్రమాదం బ్రేకు ఆయిల్‌తో. కొత్త డాట్-4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, కానీ అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. తేమ పట్టిన ఆయిల్ 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పడి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్చమనేది ఇందుకే. ఇంజిన్ పూర్తిగా కట్టేసి దిగడం ఇంకా ఘోరం: బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకు అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, పొరపాటున తాళం వెనక్కి తిప్పి తీస్తే స్టీరింగ్ లాకే పడుతుంది.

న్యూట్రల్ గెలిచే చోటు ఒక్కటుంది. చాలా స్వల్పమైన వాలు, ముందర ఆగాల్సిన పని లేదు, గేరులో ఉంచితే ఇంజిన్ పట్టుకుని బండి నెమ్మదిస్తుంది. అక్కడ వదిలేస్తే బండి ఇంకా దూరం దొర్లుతుంది. కానీ మిగిలేది మిల్లీలీటర్లు, ఉన్నట్టుండి వేగం కావాల్సి వస్తే గేరు వెతుక్కోవాల్సి వస్తుంది. ఆటోమేటిక్ కార్లలో ఈ పని అసలు తలపెట్టకూడదు.

సిగ్నల్ దగ్గర ఆపాలా

గంటకు 0.7 లీటరు అంటే 90 సెకన్ల సిగ్నల్‌కు 17 మిల్లీలీటర్లు. ఏసీ ఉంటే 25కు పైనే. తిరిగి స్టార్ట్ చెయ్యడానికి అయ్యేది పది సెకన్ల ఐడిలింగ్‌కు మించదు. స్టార్ట్ చేసినప్పుడల్లా పెట్రోలు బుస్సుమని పోతుందన్నది కూడా కార్బ్యురేటర్, చోక్‌ల నాటి మాటే.

పెట్రోలు లెక్కన పది సెకన్లు దాటితే ఆపడం లాభమే అయినా, స్టార్టర్ మోటారుకూ బ్యాటరీకీ కూడా ఒక ఖర్చుంది. బండి ఆగగానే ఇంజిన్‌ను తానే ఆపేసే ఐడిల్ స్టాప్ సౌకర్యంతో వచ్చే కార్లకు తరచూ స్టార్ట్ చేసినా తట్టుకునే స్టార్టర్, బ్యాటరీ ఇస్తారు. మామూలు కారులో అవి ఉండవు కనుక ముప్ఫై సెకన్లు హద్దుగా పెట్టుకోవడం సబబు. టైమర్ ఉన్న సిగ్నల్ దగ్గర అంకె చూసి ఆపి, అయిదు సెకన్లు ఉండగా స్టార్ట్ చేస్తే వెనక హారన్లూ మోగవు. 2020లో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ పేరుతో నడిపిన ప్రచారం కాలుష్యం కోసమే అయినా, దాని వెనక లెక్క ఇదే. ముందు వరుసలో ఉండి సిగ్నల్ ఎప్పుడు మారుతుందో తెలియనప్పుడు మాత్రం ఆపకపోవడమే మంచిది.

పెద్ద వృథా సిగ్నల్స్ దగ్గర కాదు, బడి బయటా ఫంక్షన్ హాలు ముందూ. ఏసీ వేసుకుని అరగంట ఎదురుచూస్తే అర లీటరుకు పైగా పోతుంది, బండి అంగుళం కదలకుండానే. పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాలని అయిదు నిమిషాలు నిలబెట్టడమూ అంతే. ఇంజెక్షన్ బండికి అరనిమిషం చాలు, మొదటి రెండు కిలోమీటర్లు రేజ్ చెయ్యకుండా వెళ్తే నడుస్తూనే త్వరగా వేడెక్కుతుంది.

హైవే మీద వేగం

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. టైర్ల నిరోధం దాదాపు మారదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు ఈ రెండూ 60 దగ్గర సమానంగా ఉంటాయి, ఆ పైన గాలిదే రాజ్యం. 80 వేగంతో ఒక కిలోమీటరు నడవడానికి చెయ్యాల్సిన పని 100 అనుకుంటే, 100 వేగంతో అది 135, 120తో దాదాపు 180. ఎక్కువ బరువు లాగేటప్పుడు ఇంజిన్ కొంచెం మెరుగ్గా పనిచేస్తుంది కాబట్టి పెట్రోలు ఇదే నిష్పత్తిలో పెరగదు. 80 నుంచి 100కి వెళ్తే 15 నుంచి 25 శాతం పెరుగుదల ఆశించవచ్చు.

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. 80 దగ్గర 20 ఇచ్చే కారుకు పదమూడున్నర లీటర్లు కావాలి. 100 దగ్గర 16.5 ఇస్తే 16 లీటర్లు దాటుతుంది. మూడు లీటర్లకు కాస్త తక్కువ, అంటే మూడు వందల రూపాయలు. దానికి దక్కేది 40 నిమిషాలు, అదీ టోల్ గేట్లూ చౌటుప్పల్, సూర్యాపేటల దగ్గర రద్దీ లేకపోతే. బేరం ఎవరికి గిట్టుబాటో వాళ్లే తేల్చుకోవాలి. కానీ 100 నుంచి 120కి వెళ్లే బేరం ఇంకా ఖరీదు, దక్కే సమయం మాత్రం 27 నిమిషాలే.

నిదానమే ప్రధానమని టాప్ గేరులో 35తో వెళ్లడం కూడా పనికిరాదు. ఇంజిన్ లోపలి రాపిడి, ఏసీ, లైట్ల ఖర్చు నిమిషానికి ఇంత అని నడుస్తుంది కాబట్టి, కిలోమీటరుకు ఎక్కువ నిమిషాలు పడితే ఆ ఖర్చూ పెరుగుతుంది. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ 45-55 వేగాన్ని సిఫారసు చేస్తూ వచ్చింది. ఇప్పటి అయిదారు గేర్ల కార్లకు 60-70 దాకా కూడా పెద్ద తేడా కనపడదు.

పైన క్యారియర్ కట్టి, సామాను మీద టార్పాలిన్ కప్పుకుని ఊరెళ్లే కారు 80తో వెళ్తున్నా 100 వేగానికి అయ్యే ఖర్చు పెడుతుంది. క్యారియర్‌ను సంక్రాంతి అయ్యాక విప్పెయ్యాలి. ఉత్త క్యారియర్ కూడా గాలిని చీలుస్తుంది.

ఏసీ లెక్క గంటకు, కిలోమీటరుకు కాదు

ఏసీ గంటకు అదనంగా 0.4 లీటరు తాగిందనుకుంటే, సగటున 20తో కదిలే ట్రాఫిక్‌లో అది కిలోమీటరుకు 20 మిల్లీలీటర్లు, 80తో సాగే హైవే మీద 5 మిల్లీలీటర్లు. అదే ఏసీ ఊళ్లో మైలేజీని అయిదో వంతు దాకా కోసేస్తుంది, హైవే మీద పది శాతానికి లోపే ఉంటుంది. అద్దాలా ఏసీనా అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఊళ్లో అద్దాలు దించడం చౌక. వేగం పెరిగేకొద్దీ తెరిచిన అద్దాల వల్ల గాలి నిరోధం పెరిగి తేడా తగ్గుతుంది, కారు ఆకారాన్ని బట్టి 80-100 దగ్గర దాదాపు పోతుంది. మే నెలలో రెంటచింతలలో ఈ చర్చకు అర్థం లేదు, ఏసీ వేసుకోవాల్సిందే.

వేసుకునే పద్ధతిలో మాత్రం కొంత మిగులుతుంది. ఎండలో నిలిపిన కారు అద్దాలు రెండు నిమిషాలు దించి వేడి గాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేసి, లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్ నొక్కాలి. ఇంట్లో ఏసీకి లాగా టెంపరేచర్ నాబ్‌ను కొంచెం ఎరుపు వైపు తిప్పితే మిగులుతుందనుకోవడం పొరపాటు. మాన్యువల్ ఏసీ ఉన్న చాలా కార్లలో ఆ నాబ్ చేసేది చల్లగాలిలో ఇంజిన్ వేడిగాలి కలపడం. కంప్రెసర్ పని పెద్దగా తగ్గదు. నాబ్ నీలం వైపే ఉంచి బ్లోయర్ స్పీడు తగ్గించడం మేలు.

గాలి, బరువు, ఫిల్టరు

నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) తగ్గితే మైలేజీ 0.2 శాతం పడుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 33 ఉండాల్సింది 25 ఉంటే ఒకటిన్నర శాతం. గాలి తక్కువైతే అసలు నష్టం టైరుకు, అంచులు అరిగి వేడెక్కి పేలే ప్రమాదానికి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉండే అంకె చూసి, బండి కనీసం మూడు గంటలు ఆగాక గాలి కొట్టించాలి. ఎండలో నలభై కిలోమీటర్లు నడిచాక చూస్తే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. పంక్చర్ షాపులో అది చూసి గాలి తీసేయిస్తే చల్లారాక తక్కువైపోతుంది. తరచూ జరిగే తప్పు ఇదే. మైలేజీ కోసం 40 కొట్టిస్తే టైరు మధ్యలో అరుగుతుంది, వానలో పట్టు తప్పుతుంది.

నైట్రోజన్ విషయానికొస్తే, మామూలు గాలిలో 78 శాతం అదే. పీడనం కొంచెం నెమ్మదిగా తగ్గుతుందే తప్ప మైలేజీ మారదు. 45 కిలోల అదనపు బరువుకు ఒక శాతం పోతుంది, డిక్కీలో మరచిపోయిన బియ్యం మూటలకు ఈ లెక్క వేసుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసినదానికంటే చిక్కనిది పోయిస్తే ఒకటి రెండు శాతం నష్టం.

ఎయిర్ ఫిల్టర్ కథ ఆసక్తికరం. మూసుకుపోయిన ఫిల్టర్ కార్బ్యురేటర్ బండికి మైలేజీ తగ్గించేది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఇంజెక్షన్ కార్ల మీద పరీక్షిస్తే మైలేజీ దాదాపు మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు ఇస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ఫిల్టర్ మార్చాల్సిందే, మైలేజీ ఆశతో మాత్రం కాదు.

బైకుల సంగతి

బైకు మీద కూర్చున్న మనిషే గాలికి అడ్డు. 50 నుంచి 70కి పెంచితే ఆ నిరోధం దాదాపు రెట్టింపవుతుంది, 100 సీసీ ఇంజిన్‌కు అది పెద్ద భారం. అందుకే బైకుల్లో వేగం ప్రభావం కారుకంటే ముందే మొదలవుతుంది. 40-50 మధ్య నడిపేవారికీ 70తో నడిపేవారికీ ఒకే బండి మీద మైలేజీ పోలికే ఉండదు.

రెండోది వెనక చక్రం. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే చక్రం తేలిగ్గా కొన్ని చుట్లు తిరగాలి. ఒక చుట్టుకే ఆగి, డ్రమ్ములోంచి గీసుకుంటున్న శబ్దం వస్తే బ్రేకు మరీ బిగించారని అర్థం. చైన్ మధ్యలో పైకీ కిందికీ సుమారు 20-30 మిల్లీమీటర్లు ఊగాలి, అయిదు వందల కిలోమీటర్లకోసారి ఆయిల్ పడాలి. బిగుసుకున్న ఎండు చైన్ బేరింగులనూ తినేస్తుంది.

మిగిలినట్టు ఎలా తెలుస్తుంది

తెల్లవారుజామున పెట్రోలు చిక్కగా ఉంటుందన్న మాటను అంకెల్లో పెడితే, డిగ్రీకి పెట్రోలు పరిమాణం 0.1 శాతం మారుతుంది. బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ రెండు డిగ్రీలు మారినా 30 లీటర్లకు 60 మిల్లీలీటర్లు. అయినా చాలామందికి అది ‘పనిచేసినట్టు’ కనిపిస్తుంది. కారణం కొలతలో ఉంది. ట్యాంకు నిండగానే గన్ తనంతట తాను ఆగే ఆటో కట్ పడే చోటు బండి వాలును బట్టి, గన్ పెట్టిన తీరును బట్టి అర లీటరు అటూ ఇటూ అవుతుంది. ముప్ఫై లీటర్లకు అదే దాదాపు రెండు శాతం. ఒక ట్యాంకుతో రెండు శాతం లాభాన్ని కనిపెట్టడం అసాధ్యం. ఎవరైనా ఏ చిట్కానైనా సగం సార్లు ‘నిరూపించవచ్చు’.

కొలవాలంటే ఒకే బంకు, ఒకే పంపు, మొదటి ఆటో కట్‌కే ఆపించడం, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యడం, కనీసం మూడు ట్యాంకుల మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించడం. డిస్‌ప్లే చూపే సగటు సాధారణంగా కొన్ని శాతం ఎక్కువే చూపుతుంది. బ్రోచర్‌లోని అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, 90 వేగం దాటని పరీక్షలో వచ్చినది. దానితో పోల్చుకుని బాధపడక్కర్లేదు, నిరుడు ఇదే బండి ఇచ్చిన దానితో పోల్చాలి.

ఇ20 వాటా కూడా ఇక్కడే తేలుతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుతో పోలిస్తే 20 శాతం ఉన్నదానిలో లీటరుకు శక్తి సుమారు మూడున్నర శాతం తక్కువ. అసలు ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఏడు శాతం దాకా. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన ప్రణాళిక కూడా ఇ10కి రూపొంది ఇ20కి సర్దుబాటు చేసిన కార్లకు 1-2 శాతం, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది ఇ10కి సర్దుబాటు చేసిన పాత కార్లకు 6-7 శాతం, అలాంటి పాత ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం తగ్గుదలను అంచనా వేసింది. మూడు ట్యాంకుల లెక్కలో పదిహేను ఇరవై శాతం పడిపోయిందని తేలితే దాన్నంతా ఇథనాల్ మీద వెయ్యడానికి వీల్లేదు, బండిలో వెతకాలి.

వెతకడానికి వరుస ఇది. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చేతిని ముట్టుకోకుండా దగ్గరగా పెట్టి చూడాలి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పట్టేసింది. టెంపరేచర్ ముల్లు పదిహేను నిమిషాలు నడిచినా మధ్యకు రాకపోతే రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తోంది. ఈ రెండూ కాకపోతే, ఇంజిన్ లైటు వెలగకపోయినా స్కానర్ పెట్టించి ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ చూపించుకోవాలి.